రామప్ప పార్కింగ్ ఊరికి ఇవతలి మెట్ట చెలకలో కట్టాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

రామప్ప గుడికి వచ్చే వాహనాల కోసం పాలంపేటలో కొత్త పార్కింగ్ స్థలం కట్టాలన్న మాట మా వైపు కొంతకాలంగా నలుగుతోంది. కట్టాలనే వారిలో నేనూ ఒకడిని. అయితే ఎక్కడ కట్టాలన్న దగ్గరకు వచ్చేసరికి నా ఆలోచన మా వాళ్లలో చాలామంది ఆలోచనకు ఎదురుగా ఉంది. చాయ్ హోటల్ ముందు నిలబడి నాలుగు మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కడం లేదు కనుక, మీ పత్రికలో కొంచెం చోటు ఇప్పించమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వెంకటాపూర్ మండలంలోనే పుట్టి, బ్రాంచి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన వాడిని. సైకిల్ మీద ఉత్తరాలు పంచిన రోడ్లే ఇవన్నీ. చెరువు కింద ఎకరంన్నర పొలం ఉంది. ఇంతకు మించిన అర్హత ఏదీ నాకు లేదు.

కిందటి కార్తీకంలో జరిగిన సంగతి ఒకటి ముందుగా చెప్పాలి. వానాకాలం పంట కోయించి, వడ్లను మా ఇంటి ముందు తారురోడ్డు మీద సగం వెడల్పున పరిచాం. రోడ్డు మీద వడ్లు ఆరబోయడం తప్పేనని ఒప్పుకుంటాను. కానీ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి దిగితే తప్ప కాంటా పెట్టరు, కోత మిషను నుంచి దిగిన వడ్లు పచ్చిపచ్చిగా ఉంటాయి, సొంత కల్లం లేని రైతుకు ఎండ నిండుగా పడే గట్టి నేల ఊళ్లో రోడ్డు ఒక్కటే. చుట్టూ రాళ్లు పేర్చి, ఆ రాళ్లు కనబడేలా సున్నం పూసి, పక్కనే మంచం వేసుకొని కూర్చున్నాను. పొద్దున పదిన్నర ప్రాంతంలో ఒక తెల్ల కారు గుడి దాకా వెళ్లి, నిలపడానికి చోటు దొరకక వెనక్కి వచ్చి, మా ఇంటి ముందు మలుపుకోబోయి వెనక చక్రాలు రెండూ వడ్ల మీదికి ఎక్కించింది. టైరు గాడుల అచ్చు వడ్ల మీద పొడుగ్గా పడింది, ఆ అచ్చు వెంట పొట్టు ఊడి తెల్లటి నూకలు బయటపడ్డాయి.

నడిపిన కుర్రవాడు దిగి, ముఖం చిన్నబుచ్చుకొని, జేబులోంచి ఐదు వందల నోటు తీశాడు. నేను తీసుకోలేదు. వెనక సీట్లోంచి దిగిన వాళ్లమ్మ కుచ్చిళ్లు దోపుకొని, చెదిరిన గింజలను రెండు చేతులతో కుప్పకు తోస్తూ, "కాలు తగిల్తే కండ్లకద్దుకునే గింజరా ఇది, చక్రం ఎక్కించినవ్" అని కొడుకును మందలించింది. వాళ్లది ఆలేరు వైపు వ్యవసాయ కుటుంబమేనట. ఆ తల్లిని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి పంపాం. తప్పు ఆ పిల్లవాడిదని నేను అనుకోవడం లేదు. అంత దూరం నుంచి దేవుణ్ణి చూడటానికి వచ్చినవాడు కారును నెత్తిన పెట్టుకొని తిరగలేడు కదా.

అసలు చిక్కు ఎక్కడుందంటే, కార్తీకమాసమూ వరికోతలూ ఒక్కసారే వస్తాయి. రామప్ప శివాలయం కనుక కార్తీక సోమవారాలకు, పౌర్ణమికి జనం వస్తారు. అది ఎప్పటి నుంచో ఉన్నదే. పూర్వం వాళ్లు ఎడ్ల బండ్ల మీద వచ్చేవారు, తర్వాత ఆర్టీసీ బస్సులు, ఆటోలు ఎక్కి వచ్చారు. 2021 జులై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన తర్వాత సొంత కార్లలో వచ్చేవారు ఎక్కువయ్యారు. తెలంగాణలో ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం ఇదేనని మాకూ గర్వంగానే ఉంది. ఒక ఆదివారం అరుగు మీద కూర్చొని ఎన్ని కార్లు పోతాయో లెక్క పెడదామనుకున్నాను; పోయేవి ఏవో, చోటు దొరకక తిరిగి వచ్చేవి ఏవో తెలియక లెక్క తప్పి వదిలేశాను. ఇరుపక్కలా కార్లు ఆగినప్పుడు ఎదురుగా బస్సు వస్తే చాలు, ట్రాక్టరు కదలదు, బడి పిల్లల ఆటో కదలదు. 108 బండి వచ్చిన రోజున ఏమవుతుందోనని ఆలోచించడానికి కూడా భయమవుతుంది.

అందుకే పార్కింగ్ కావాలి. ఇంతవరకు అందరం ఒక్కటే మాట మీద ఉన్నాం. ఇక గుడి గేటుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని, వచ్చినవారు కారు దిగి నాలుగు అడుగులు వేస్తే గుడి కనబడాలని ఎక్కువమంది అంటున్నారు. గేటు పక్కన దుకాణాలు పెట్టుకున్నవారు అలా అనడంలో వారి బతుకుదెరువు ఉంది, వారిని తప్పు పట్టను. కానీ అక్కడ కట్టడానికి మొదట చట్టమే ఒప్పుకోదు. పురాతన కట్టడాల పరిరక్షణ కోసం 1958లో వచ్చిన చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకొని మాత్రమే కట్టాలి. నేల చదును చేసి మొరం పోస్తే అది నిర్మాణం ఎట్లా అవుతుందని మా మేనల్లుడు వాదిస్తాడు. నిజమే కావచ్చు. కానీ మొరంతో మొదలైనది మొరంతో ఆగదని మన ఊళ్లలో ఎవరికి తెలియదు? ముందు మొరం, తర్వాత టికెట్ల గది, ఆ గదికి రేకుల షెడ్డు, షెడ్డు పక్కన మరుగుదొడ్లు, రెండేళ్లు తిరిగేసరికి సీసీ నేల.

చట్టాన్ని పక్కన పెట్టి గుడినే చూద్దాం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించినట్టు అక్కడి శాసనమే చెబుతోంది. పునాది గోతిని ఇసుకతో నింపి, ఆ ఇసుక పడక మీద ఇంత రాతి బరువును నిలబెట్టారు. గర్భగుడి పైనున్న విమానానికి, అంటే గోపురానికి, బరువు తగ్గాలని నీళ్లలో వేస్తే తేలేటంత తేలిక ఇటుకలు వాడారు. కింద మెత్తన, నడుమ రాయి, పైన తేలిక, ఇదీ వారి లెక్క. లోపల మండపంలో నడిచిన వారందరికీ తెలుసు, నేల ఒక్క మట్టంలో ఉండదు, అక్కడక్కడ కుంగి, అక్కడక్కడ ఉబ్బి, నీటి మీద అలలా కాలికి తెలుస్తుంది. బస్సులు ఆగి కదిలినంత మాత్రాన గుడికి ఏదో అయిపోతుందని నేను అనను, నేను ఇంజనీరును కాను. కానీ 800 ఏళ్లు దాటి ఇసుక మీద నిలిచి ఉన్న దాని పక్కన రోజూ పదుల బస్సుల ఇంజన్లను ఆన్ చేసి ఉంచడానికి మనకు తొందర ఎందుకు? ఎండాకాలంలో ఏసీ కోసం డ్రైవర్లు బండి ఆపకుండా పెట్టుకొని కూర్చుంటారు, ఆ పొగ పోయేది కూడా అటువైపే. మదనికల, అంటే గుడి చూరు కింది స్త్రీ శిల్పాల, నల్లరాతి మెరుపును చూడటానికి ఇంత దూరం వచ్చిన వారికి మొదటగా కారు అద్దాల తళుకు కనబడటం కూడా అంత బాగుండదు.

గేటు దగ్గర కాకపోతే చెరువు వైపు కట్టమంటున్నారు మరికొందరు. అటు చల్లగా ఉంటుంది, గుడి చూసి కట్ట మీదికి పోయి రావచ్చు అంటారు. అటువైపు ఉన్నది ఆయకట్టు. కాకతీయుల నాటి చెరువు, ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల పథకం నుంచి గోదావరి నీళ్లు కూడా వచ్చి చేరుతున్నాయి, దాని కింద రెండు పంటలు తీస్తున్నాం. పోస్టాఫీసు అలవాటు కొద్దీ నేను ఒక లెక్క వేశాను. కారు నిలవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు చాలు. కానీ లోపలికి వచ్చే దారి, మలుపు, తలుపు తీసే జాగా అన్నీ కలిపితే బయటి పార్కింగ్‌లో ఒక్కో కారుకు 23 చదరపు మీటర్లు పట్టుకుంటారు. గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు, 101 చదరపు మీటర్లు. అంటే గుంటకు నాలుగు కార్లు. మా చెరువు కింద ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే గుంటకు 60 కిలోల పైచిలుకు, ఒక్కో కారు కింద పంటకు 15 కిలోల వడ్లు పోయినట్టు. రెండు పంటలకు 30 కిలోలు. ఆదివారం రెండు గంటలు నిలిచి పోయే కారు కోసం ఏడాది పొడుగునా ఆ 30 కిలోలు వదులుకోవాలి. పైగా నీటి కింద పలు పంటలు పండే భూమిని చివరి దారిగా తప్ప తీసుకోవద్దనేదే కేంద్రం 2013లో తెచ్చిన భూసేకరణ చట్టంలోని ఉద్దేశం. చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, పోద్దామంటారా, అక్కడ ఎండాకాలంలో నిలిపిన కారు వానాకాలంలో పడవ కావాల్సిందే.

నేను అడుగుతున్నది వేరే చోటు. ములుగు దాటి వరంగల్ రోడ్డు నుంచి జంగాలపల్లి దగ్గర మళ్లి వచ్చే వాహనాలు పాలంపేటలోకి అడుగు పెట్టకముందే, గుడికి అర కిలోమీటరో ఇంకొంచెం ఎక్కువో ఇవతల, మెట్ట చెలకల వైపు ఈ స్థలం చూడాలి. ప్రభుత్వ భూమి ఉందా అని రెవెన్యూ రికార్డులో ముందు వెతకాలి, దొరకకపోతే వర్షం మీద ఆధారపడిన చెలకను యజమానిని ఒప్పించి, చట్టం చెప్పిన పరిహారం పూర్తిగా ఇచ్చి తీసుకోవాలి. బస్సులు, కార్లు, ట్రావెల్స్ బండ్లు అన్నీ అక్కడే ఆగాలి. అక్కడి నుంచి మనుషులు ఊరి మధ్యగా నడిచి గుడికి పోవాలి.

ఈ నడిచి పోవడం గురించే మా వాళ్లు నన్ను ఎక్కువగా వెక్కిరిస్తున్నారు. "తాతా, నీ కాలం పోయింది, ఇప్పుడు ఎవడు నడుస్తడు" అంటాడు ఆటో నడిపే పిల్లవాడు. సరే, నడవకపోతే ఏం జరుగుతోందో చూడండి. హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయలుదేరినవారు ఒక్క రోజులో రామప్ప, లక్నవరం వేలాడే వంతెన, వానాకాలమైతే బొగత జలపాతం కూడా చుట్టి రాత్రికి ఇల్లు చేరాలనుకుంటారు. గుడి దగ్గర గంటసేపు ఉంటారు. కారు గేటు ముందు ఆగుతుంది, గేటు ముందే మళ్లీ ఎక్కుతుంది, అద్దాలు దించకుండా ఊరు దాటిపోతుంది. పాలంపేట పేరు ప్రపంచమంతా తెలిసింది కానీ, పాలంపేటలో ఇళ్లు ఎటు ఉన్నాయో కూడా వారికి తెలియదు.

మా వీధి చివర ఒక ఆడమనిషి బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతుంది, సీజనులో సీతాఫలాలు గంపలో పెట్టుకుంటుంది, ఎండాకాలంలో ముంజలు. ఆమె కూర్చునే చోటు గుడికి నడకదూరమే, అయినా కార్లు ఆమె ముందు నుంచి దుమ్ము లేపుకుంటూ పోతాయి. ఒకసారి రోడ్డు పని వల్ల వాహనాలను ఇవతలే ఆపేశారు. ఆ రెండు రోజులూ జనం నడిచి వెళ్లారు. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆమె కంకులు అయిపోయి, మా ఇంటికి వచ్చి మా దొడ్లోని కంకులు అడిగి పట్టుకుపోయింది. రెండో రోజు పక్కింటావిడ సర్వపిండి కాల్చి పళ్లెంలో పెట్టుకొని వాకిట్లో కూర్చుంది. ఎవరూ వారికి శిక్షణ ఇవ్వలేదు, రుణం ఇవ్వలేదు, బోర్డు కట్టలేదు. మనుషులు కాళ్ల మీద నడిచి వచ్చారు, అంతే. పర్యాటకం వల్ల గ్రామాలకు ఆదాయం అని సభల్లో చెప్పే మాట నేను కళ్లారా చూసింది ఆ రెండు రోజులే.

పార్కింగ్ ఎక్కడ పెడితే జనం నడక అక్కడి నుంచి మొదలవుతుంది, ఆ నడక ఏ వీధిలోంచి పోతే ఆ వీధికి నాలుగు డబ్బులు వస్తాయి. గేటు దగ్గర పెడితే ఆ నాలుగు డబ్బులు గేటు దగ్గరి నాలుగు దుకాణాలకు, ఊరి ఇవతల పెడితే ఊరందరికీ. నా ఉత్తరంలో ఇంతకు మించి కొత్త సంగతి లేదు.

ముసలివారు, చంటిపిల్లల తల్లులు, కాళ్లు లేనివారు ఏం చేయాలన్న ప్రశ్న న్యాయమైనది. నాకే మోకాళ్ల నొప్పి ఉంది. దీనికి మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. హంపిలో విఠల దేవాలయానికి దాదాపు కిలోమీటరు ఇవతలే వాహనాలను ఆపేసి, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు నడుపుతున్నారు, ఆడపిల్లలు ఆ బండ్లను తోలుతుంటే చూసి వచ్చాను. తాజ్‌మహల్‌కు 500 మీటర్ల లోపలికి పెట్రోలు, డీజిలు బండ్లు పోనివ్వరు, అక్కడా బ్యాటరీ బండ్లే. అదే ఇక్కడ చేసి, మా మండలంలోని మహిళా సంఘాలకు ఆ బండ్లు అప్పగిస్తే సరిపోతుంది. వికలాంగుల వాహనాలకు మాత్రం గుడి దగ్గర ఇప్పుడున్న స్థలంలోనే కొన్ని గడులు గీసి ఉంచాలి, వాటిలో మాత్రం సర్పంచ్ కారు కూడా ఆగకూడదు.

ఎంత పెద్దగా కట్టాలన్నది తర్వాతి మాట. మహాశివరాత్రి నాటి జనాన్ని చూసి కొలిస్తే పది ఎకరాలు కూడా చాలవు, మిగిలిన రోజుల్లో అది మేకలు మేసే బయలు అవుతుంది. మామూలు ఆదివారానికి సరిపడా రెండెకరాలు కడితే, చెట్లకూ బస్సులకూ బాటకూ పోను 200 కార్ల దాకా పడతాయి. శివరాత్రికి, కార్తీక పౌర్ణమికి చుట్టుపక్కల కోసిన చేన్లను రెండు మూడు రోజులు కిరాయికి తీసుకోవచ్చు. మేడారం మన పక్కనే ఉంది కదా. రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో నాలుగు రోజులు జరిగే ఆ జాతరకు లక్షల మంది వస్తే, బండ్లన్నీ పొలాల్లోనే నిలుస్తాయి, సమ్మక్క, సారలమ్మ గద్దెలకు జనం నడిచే పోతారు. ఆ నాలుగు రోజుల కోసం అక్కడ ఎవరూ వందల ఎకరాల మీద సిమెంటు పోయలేదు. జాతర అయ్యాక పొలం మళ్లీ పొలమే. కిరాయి మాత్రం రైతు చేతికి నేరుగా, ముందుగా ఇవ్వాలి. బిల్లు పెట్టి ఏడాది తిప్పితే మరుసటి శివరాత్రికి ఎవరూ చేను ఇవ్వరు.

సిమెంటు మాట వచ్చింది కనుక నీటి మాట కూడా చెప్పాలి. 2023 జులై చివరి వారంలో మా మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. ఆ వానలకే అటు మోరంచపల్లి ఊరికి ఊరు మునిగింది, ఇటు కొండాయిలో ప్రాణాలు పోయాయి. అంత వాన ఒక్క ఎకరం మీద పడితే 26 లక్షల లీటర్ల నీళ్లు. మట్టి నేల అయితే తాగినంత తాగి మిగిలింది వదులుతుంది, సీసీ నేల చుక్క కూడా తాగదు, నూనె మరకలను కడిగి మరీ కాలువలోకి పంపిస్తుంది. ఆ కాలువ నీళ్లు మళ్లీ మా పొలాలకే. అందువల్ల బస్సులు తిరిగే దారిని మాత్రం గట్టిగా వేసి, కార్లు నిలిచే చోట రంధ్రాల ఇటుకలు పరిచి మధ్యలో గడ్డి పెరగనివ్వాలి, లేదా మొరం కొట్టి దిమ్మిస వేస్తే చాలు. వాలు చివర ఒక ఇంకుడు కుంట తవ్వాలి. మూడు నాలుగు కార్లకు ఒకటి చొప్పున వేప, కానుగ, చింత మొక్కలు పెట్టాలి. మొక్కలు నాటిన రోజు ఫొటో దిగి పోయే పద్ధతి కాకుండా మూడు ఎండాకాలాలు ట్యాంకరుతో నీళ్లు పోయించే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసి పెట్టాలి. నీడ ఉంటే డ్రైవరు ఏసీ ఆపుతాడు, ఇది నేను బస్టాండులో చింతచెట్టు కింద రోజూ చూసిన విషయం.

ఇంకొక కోరిక ఉంది, దీనికి నవ్వేవారు నవ్వవచ్చు. ఆ స్థలంలో ఒక అరెకరం మేర, కార్లు నిలిచే చోటుకు వేరుగా, గచ్చు చేసి కల్లంగా ఉంచాలి. కార్తీకంలో జనం వచ్చేది ఎక్కువగా ఆదివారం, సోమవారం. మంగళవారం నుంచి శనివారం వరకు ఐదు రోజులు ఎండ తగిలితే వడ్లు 17 శాతానికి దిగుతాయి. ఆదివారానికి కుప్ప చేసి పట్టా కప్పుకుంటాం, ఆ రెండు రోజులు అదే గచ్చు మీద టూరిస్టు బస్సుల జనం కూర్చొని సద్దులు తినవచ్చు. రోడ్డు మీద నుంచి మా వడ్లు లేస్తే కార్లకు దారి వస్తుంది, కారు చక్రం నుంచి మా వడ్లకు రక్షణ వస్తుంది. పార్కింగ్ కోసం భూమి వదులుకునే ఊరికి ఆ మాత్రం దక్కాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

రుసుము గురించి కొంచెం ఘాటుగానే రాయవలసి వస్తోంది. ఆ మధ్య మా చెల్లెలి కొడుకు పెళ్లి పత్రిక ఇవ్వడానికి హన్మకొండ నుంచి కారులో వస్తే, ఊరి రోడ్డు మీద చేతిలో చీటీల కట్ట పట్టుకున్న ఒకతను ఆపి పార్కింగ్ డబ్బులు అడిగాడు. మామయ్య ఇంటికి వచ్చానన్నా వినలేదు. ఆ చీటీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. గులాబీ రంగు పలుచటి కాగితం, పైన వాహనాల పార్కింగ్ అని అచ్చు, కింద రూపాయల దగ్గర బాల్‌పెన్నుతో రాసిన అంకె. తేదీ లేదు, వరుస నంబరు లేదు, ముద్ర లేదు, ఎవరికి ముట్టిందో తెలిపే పేరు లేదు. ముప్పై ఏళ్లు రసీదులు రాసినవాడిని కనుక నాకు ఆ కాగితాన్ని చూడగానే ఒళ్లు మండింది. అతను ఎవరి మనిషో నేను ఇక్కడ రాయదలచుకోలేదు, రాస్తే మళ్లీ అదో పంచాయితీ. కొత్త స్థలం కట్టినప్పుడు వేలం గ్రామసభలో జరగాలి, మిషను రసీదు ఇవ్వాలి, వసూలైన దానిలో ఊరి వాటా ఎంతో నెలనెలా పంచాయతీ గోడ మీద రాయాలి, మండలం వారి బండ్లకు రుసుము ఉండకూడదు. మరుగుదొడ్లు కడిగే మనిషి జీతం ఆ డబ్బులోంచే ముందు తీయాలి. మరుగుదొడ్డి గదులు కట్టి తాళం వేసిపెట్టే ముచ్చట మనకు కొత్త కాదు. ఇప్పుడు బస్సు దిగిన ఆడవాళ్లు మా ఇళ్ల తలుపులు తడుతున్నారు. కాదనలేము, కానీ వారికి సిగ్గు, మాకు ఇబ్బంది.

పార్కింగే వద్దు, అది వస్తే ఇంకా కార్లు వస్తాయని అనే చదువుకున్న మిత్రులు కొందరు ఉన్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. చెరువు కట్ట మీద సీసాలు, పొలం గట్ల మీద ప్లాస్టిక్ పళ్లేలు ఏరేది మేమే కనుక ఆ భయం మాకు వారికంటే ఎక్కువే. అయితే కార్లు ఇప్పటికే వస్తున్నాయి, నిలుస్తున్నాయి కూడా. నిలిచేది మా గడప ముందు, మా చేను గట్టు మీద, మా వడ్ల మీద. లేని పార్కింగ్ అంటే ఊరంతా పార్కింగ్ అని అర్థం. వరంగల్, హన్మకొండ నుంచి ములుగు మీదుగా సెలవు రోజుల్లో నేరుగా గుడికి నాలుగు బస్సులు ఎక్కువ నడిపితే కార్లు కొంతైనా తగ్గుతాయి, అది కూడా జరగాలి. అయితే ఆ బస్సులకైనా ఆగేందుకు ఒక చోటు కావాలి కదా.

చివరగా, స్థలం చూడటానికి వచ్చే అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. సాధారణంగా ఇటువంటి పరిశీలనలు వారం మధ్యలో, రోడ్డు ఖాళీగా ఉన్న రోజున, ఏసీ బండిలో గుడి గేటు దాకా వెళ్లి జరుగుతాయి. అలా కాకుండా కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు, బండిని ఊరి ఇవతలే ఆపి, కొలత టేపు చేత పట్టుకొని, ఊళ్లోంచి గుడి దాకా నడిచి రావాలని కోరుతున్నాను. దారిలో ఎడమ చేతి వైపు, రోడ్డు మీద సున్నం పూసిన రాళ్లు కనబడిన ఇల్లు మాదే. ఆ వేళకు నేను అక్కడే వడ్లు నెరుపుతూ ఉంటాను, చెలకలు ఎవరివి ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో చూపిస్తాను.

భవదీయుడు,
విశ్రాంత తపాలా ఉద్యోగి,
వెంకటాపూర్ మండలం, ములుగు జిల్లా.